వర్గమూలం వేసిన తూకం

బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ‘పోతన 2000’ ఫాంటును తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. పాత వరంగల్ జిల్లా కవి పేరుతో వచ్చిన ఆ అక్షరాలను వాడుకున్నవాళ్లలో తిరిగి ఒక్క రూపాయి ఇచ్చినవాళ్లు ఎందరుంటారు? ఇలా అందరికీ ఉచితంగా పంచే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కష్టం అంతటా ఇదే. 2014లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడ్డప్పుడు, బ్యాంకుల వెబ్‌సైట్లు సైతం నమ్ముకున్న ఉచిత భద్రతా సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని తెలిసి లోకం ముక్కున వేలేసుకుంది.

ఈ చిక్కుకు 2018లో విటాలిక్ బుటెరిన్, జోయీ హిట్జిగ్, గ్లెన్ వెయిల్ ఒక పరిష్కారం రాశారు. దాని పేరు క్వాడ్రాటిక్ ఫండింగ్. పదో తరగతి లెక్కలు వచ్చినవాళ్లెవరైనా దీని పనితనం చూసి మురిసిపోవచ్చు.

ముందుగా దాతలు ఒక ఉమ్మడి నిధి పోగుచేస్తారు. ఆపైన మామూలు జనం తమకు నచ్చిన ప్రాజెక్టులకు చిన్నచిన్న చందాలు వేస్తారు. ఏ ప్రాజెక్టుకు నిధి నుంచి ఎంత కలపాలో ఆ చందాలే తేలుస్తాయి. ఒక్కో చందాకు వర్గమూలం కట్టి, అన్నీ కూడి, వచ్చినదాన్ని వర్గం చేయాలి. ఒక ప్రాజెక్టుకు ఒక్కరే 100 రూపాయలు ఇచ్చారనుకోండి. మూలం 10, వర్గం మళ్లీ 100. నిధి నుంచి పైసా రాదు. ఇంకో ప్రాజెక్టుకు నలుగురు తలా 25 ఇచ్చారు. మూలాలు అయిదేసి, మొత్తం 20, వర్గం 400. చందా 100 పోను 300 నిధి నుంచి వస్తుంది. జనం ఇచ్చింది రెండు చోట్లా వందే!

ఆ 300 ఎక్కడిది? నలుగురిని ఇద్దరేసి చొప్పున కలిపితే ఆరు జతలు. ఒక్కో జతకు 50. బడిలో నేర్చుకున్న ‘ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్’లోని ‘టూ ఏబీ’యే ఇది. అంటే నిధి మెచ్చుకునేది డబ్బును కాదు, ఇద్దరు మనుషులు ఒకే పనిని మంచిదనడాన్ని. వాకిట్లో చందా పుస్తకం పట్టుకుని నిలబడే గణేశ్ మండలి కుర్రాళ్లకు పెద్ద నోటు ఇచ్చినవారే ముందు కనిపిస్తారు. ఈ సూత్రానికి కనిపించేది ఇంటింటికీ ఒకరు చొప్పున ఇచ్చిన వాడకట్టు. నిధి చాలకపోతే అందరి వాటా ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది.

గిట్‌కాయిన్ అనే ఓపెన్ సోర్స్ నిధుల వేదిక 2019లో 25,000 డాలర్ల నిధితో దీన్ని మొదలుపెట్టింది. చందాలు క్రిప్టో టోకెన్లలో వేసే వీలు కల్పించింది. 2021లో అది జీటీసీ అనే సొంత టోకెన్ తెచ్చి, సంస్థ నిర్ణయాలపై ఓటింగ్‌ను టోకెన్లున్నవారి చేతిలో పెట్టింది. ఈ రెండో ఏర్పాటు నాకు అంతగా నచ్చదు. టోకెన్‌కో ఓటు అంటే టోకెన్లు ఎక్కువున్నవాడిదే పైచేయి. వర్గమూలం తగ్గించిన బలం మళ్లీ దొడ్డిదారిన వచ్చేస్తుంది.

సూత్రానికీ ఒక బలహీనత ఉంది. వంద ఇచ్చినవాడే నాలుగు దొంగ ఖాతాలు తెరిచి పాతికేసి వేస్తే నాలుగు వందలు! దానికి గిట్‌కాయిన్ ‘పాస్‌పోర్ట్’ అనే గుర్తింపు పద్ధతి పెట్టింది. అంతకంటే ముచ్చటైన విరుగుడు 2019లో బుటెరిన్ చూపించారు. ఏ ఇద్దరైనా ప్రతి ప్రాజెక్టులోనూ జంటగానే కనబడుతుంటే, ఆ జతకు దక్కే వాటాను కోసేయాలి. ఒకరికొకరు ఏమీ కానివాళ్లు కలిసి మెచ్చితే వాటా నిలుస్తుంది. జబ్బు పుట్టిన జత దగ్గరే మందు వేయడం నిజమైన పనివాడి లక్షణం.

హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లోనే వెలిసింది. అందరికీ పనికొచ్చేదాన్ని నలుగురూ కలిసి నిలబెట్టుకోవడం ఓరుగల్లుకు కొత్త కాదు. 1959లో పునాది పడిన మన ఎన్‌ఐటీలోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ఈ పద్ధతిని చేసి చూడవచ్చు. క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉన్న దేశంలో టోకెన్ల జోలికి పోనక్కర్లేదు, యూపీఐ రూపాయలు చాలు. దొంగ ఖాతాల బెడద కూడా తక్కువే, విద్యార్థికి ఒక్కటే రోల్ నంబరు కదా. పూర్వ విద్యార్థులు నిధి పెట్టండి, పిల్లలు పదేసి రూపాయలు వేస్తారు. మొదటి విడతలో తెలుగు స్పెల్ చెకర్‌నో, ఫాంటునో ఎంచుకోనివ్వండి.