కాలయంత్రము: కథకు గల స్వాతంత్ర్యము, శాస్త్రమునకు గల బాధ్యత

కాలమును దాటవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. గడచిన దినమును మరల చూడవలెననియు, రానున్న దినమును ముందుగా నెఱుగవలెననియు తలపని వాడుండడు. ఈ కోరిక పురాణములలో కథయైనది, జ్యోతిషమున జాతకమైనది, మన కాలమున యంత్రమైనది. ఒకానొక దేశమున ఒకానొక శాస్త్రజ్ఞుడు కాలయంత్రమును నిర్మించెనను వార్త నేడు మన యిండ్లలోని సెల్‌ఫోనులకు తఱచుగా వచ్చి చేరుచున్నది. బెంగుళూరున నున్నను, మధురలో నున్నను, బరంపురమున నున్నను, షోలాపురమున నున్నను, యానామున నున్నను ఆ వార్త యొక్కటే. దానిని విని మనము పిల్లలతో చెప్పు మాట మాత్రము మనది. ఆ మాట ఎట్లుండవలెనో విచారించుటకే యీ వ్యాసము.

మొదట కాలయంత్రము పుట్టుకను చూతము. ఈ భావమునకు లోకమున విశేష ప్రచారము కల్పించినది శాస్త్రగ్రంథము కాదు, నవల. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో ‘ది టైమ్ మెషీన్’ అను నవలను ప్రకటించెను. అప్పటికి ఐన్‌స్టీన్ పదునాఱేండ్ల బాలుడు. సాపేక్ష సిద్ధాంతము వెలువడుటకు ఇంకను పదేండ్లున్నవి. అనగా యంత్రము ముందు పుట్టినది. దానికి ఆధారముగా నేడు చెప్పుకొనుచున్న శాస్త్రము తరువాత పుట్టినది. ఈ వరుసను మఱచుట వలననే సగము భ్రాంతి కలుగుచున్నది.

తెలుగువారికి కాలయంత్రమును ఇంటింట పరిచయము చేసినది 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున వెలువడిన ‘ఆదిత్య 369’ అను చలనచిత్రము. అందలి పాత్రలు యంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల విజయనగరమునకు పోవుదురు. పిదప 2504వ సంవత్సరమునకు పోవుదురు. ఆ యంత్రము పనిచేయు విధమును శాస్త్రరీతిని నిరూపించుట దర్శకుని పని కాదు; ఆయన అందులకు పూనుకొనకుండుటయే ఔచిత్యము. రాయల కొలువును కన్నులార చూడవలెనను ముచ్చటను తీర్చుటకు ఆయనకొక ద్వారము కావలసెను; యంత్రమే ఆ ద్వారము. ద్వారమును ఏ కొయ్యతో చేసిరని ప్రేక్షకుడు అడుగడు. హంపి శిథిలముల చెంత నిలిచిన కర్ణాటకాంధ్రునకు గాని, నాయకరాజుల కాలమున దక్షిణమునకు వచ్చినవారి సంతతికి గాని అట్టి చిత్రము మనసున హత్తుకొన్నచో వింతలేదు. కథకు ఈ స్వాతంత్ర్యము కలదు. అదే స్వాతంత్ర్యమును శాస్త్రము పేర వెలువడు వార్త తీసికొన్నప్పుడు విమర్శకుడు అడ్డుపడవలసియున్నది.

ఆ వార్తలలో సత్యమెంత? కొంత కలదు, దానిని దాచుట న్యాయము కాదు. వేగముగా పోవు గడియారము మెల్లగా నడచునని 1905 నాటి సిద్ధాంతము వలనను, గురుత్వాకర్షణము హెచ్చుగా నున్నచోట గడియారము మెల్లగా నడచునని 1915లో రూపుదాల్చిన సిద్ధాంతము వలనను తెలియవచ్చినది. 1971 అక్టోబరులో హాఫెల్, కీటింగ్ అను నిరువురు నాలుగు సీసియం గడియారములను సామాన్య ప్రయాణికుల విమానములలో పెట్టుకొని భూమిని చుట్టివచ్చిరి. తూర్పుగా పోయి వచ్చినప్పుడు ఆ గడియారములు నేలమీది గడియారముల కంటె సుమారు 59 నానోసెకండ్లు వెనుకబడెను. పడమరగా పోయి వచ్చినప్పుడు సుమారు 273 నానోసెకండ్లు ముందుండెను. సెకండును నూఱుకోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోసెకండు. నేడు మనకు దారిచూపు జి.పి.ఎస్. ఉపగ్రహముల గడియారములు, ఈ రెండు కారణములును కలిసి, దినమునకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందునకు పోవును. ఆ తేడాను సవరింపనిచో స్థాననిర్ణయమున దినమునకు సుమారు 10 కిలోమీటర్ల దోషము పేరుకొనును. కావున భవిష్యత్తు వైపు ప్రయాణము అబద్ధము కాదు. అయితే మనము సాధించిన ప్రయాణపు కొలత సెకండులో అత్యల్ప భాగము. దాని దిశ యొక్కటే, ముందునకు. వెనుకకు మరలు దారిని ఆ ప్రయోగములలో ఏదియు చూపలేదు.

వెనుకకు పోవుట వేఱు సంగతి. 1949లో గణితజ్ఞుడు గోడెల్, ఐన్‌స్టీన్ సమీకరణములకే ఒక విచిత్రమైన పరిష్కారమును కనుగొనెను. అందు విశ్వమంతయు పరిభ్రమించుచుండును; అట్టి విశ్వమున ప్రయాణికుడు తన గతమును చేరవచ్చును. కాని మన విశ్వము అట్లు తిరుగుచున్నదనుటకు ఆధారము లేదు. మన విశ్వము వ్యాకోచించుచున్నది. గోడెల్ విశ్వము వ్యాకోచింపదు. 1974లో టిప్లర్ చెప్పిన మార్గమునకు మితిలేని పొడవు గలిగి మహావేగమున తిరుగు స్తంభము కావలెను. 1988లో కిప్ థోర్న్, ఆయన సహచరులు చెప్పిన మార్గమునకు వర్మ్‌హోల్ అను సొరంగమును, అది కూలకుండ నిలుపుటకు ఋణశక్తియు కావలెను. వీరిలో నెవరును యంత్రమును చేసితిమని చెప్పలేదు. ఇవి “అట్లయినచో ఇట్లగును” అను గణితవాక్యములు. వార్తను వ్రాయువాడు “అట్లయినచో” అను మొదటి భాగమును కత్తిరించి, “ఇట్లగును” అను రెండవ భాగమును మనకు పంపుచున్నాడు.

ప్రకృతియే ఇట్టి ప్రయాణమును అడ్డగించునని స్టీఫెన్ హాకింగ్ 1992లో ఊహించెను. 2009 జూన్ 28న ఆయన కేంబ్రిడ్జిలో కాలప్రయాణికులకు విందు ఏర్పఱచి, విందు ముగిసిన తరువాతనే ఆహ్వానమును వెల్లడించెను. ఎవరును రాలేదు. ఇది చక్కని చమత్కారమే గాని నిరూపణము కాదు. విందునకు రానివాడు లోకమున లేనివాడని చెప్పుటకు వీలులేదు. సందేహించువాడును తనకు అనుకూలమైన చమత్కారమును ప్రమాణముగా చెల్లింపరాదు.

అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ మాలెట్ ఉదంతము మఱింత శ్రద్ధగా విచారింపదగినది. ఆయన పదేండ్ల బాలుడుగా నుండగా తండ్రి గుండెజబ్బుతో మరణించెను. వెల్స్ కథను చదివిన ఆ బాలుడు, కాలయంత్రమును నిర్మించి తండ్రిని మరల చూడవలెనని సంకల్పించి, కాలక్రమమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. ఈ కథ విని కరగని హృదయముండదు. వలయాకారముగా పోవు లేసరు కాంతి తన లోపలి దేశకాలములను త్రిప్పుకొని పోవునను భావమునకు పునాదిగా ఆయన 2000లో ఒక వ్యాసము ప్రకటించెను. ఓలమ్, ఎవరెట్ అను శాస్త్రజ్ఞులు ఆయన ప్రతిపాదనను పరీక్షించి, 2005లో వెలువడిన వ్యాసమున దోషములు చూపిరి. ఆయన గణితము వర్ణించు దేశకాలమున, లేసరు లేకపోయినను వికారము మిగిలియుండుట మొదటి దోషము. గతమునకు దారి తెఱచుకొనుటకు కావలసిన వలయము మన కగపడు విశ్వము కంటె ఎంతయో పెద్దదగుట రెండవ దోషము. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. అట్టి యంత్రము ఫలించినను, దానిని వెలిగించిన క్షణమునకు పూర్వమునకు పోవుట సాధ్యము కాదని మాలెట్ స్వయముగా అంగీకరించెను. తండ్రి బ్రదికియున్న దినములకు ఆ దారి పోదు. వార్తలు తండ్రి మరణమును చెప్పును, లేసరును చెప్పును. ఈ యొక్క మాటను తఱచుగా విడిచిపెట్టును. శోకము గౌరవింపదగినదే, కాని ప్రమాణము కాజాలదు.

మాలెట్ మార్గము తప్పైనను నిజాయితీ గలది. తన లెక్కను పదిమంది ముందుంచెను. దీనికి భిన్నమైన ఉదంతము వెనిసు నగరమున జరిగినది. పెల్లెగ్రీనో ఎర్నెట్టి అను క్రైస్తవ సన్యాసి, గతమును తెరమీద చూపు ‘క్రోనోవైజర్’ అను యంత్రము తనకు తెలియుననియు, దాని నిర్మాణమున ఎన్రికో ఫెర్మీ వంటి మహాశాస్త్రజ్ఞులు పాల్గొనిరనియు చెప్పెను. 1972లో ఒక ఇటాలియన్ పత్రిక ఆ యంత్రము తీసినదని క్రీస్తు ముఖచిత్రమును అచ్చొత్తినది. ఆ ముఖము కొల్లెవాలెంజా అను ఊరి దేవాలయమునందలి కొయ్య విగ్రహపు ముఖముతో సరిపోవుచున్నదని పిమ్మట బయటపడెను. యంత్రమును ఎవరికిని చూపలేదు. సాక్షిగా పేర్కొనబడిన ఫెర్మీ 1954లోనే మరణించియుండెను. యంత్రము లోపల దాగియుండుటయు, సాక్షి లేకుండుటయు, చిత్రము మాత్రము బజారున నుండుటయు, ఈ మూడును కలిసినచోట మనము జాగ్రత్తపడవలెను.

సత్యమైన శాస్త్రము తన వింతను ఎట్లు ప్రకటించునో 2011లో లోకము చూచినది. జెనీవా సమీపము నుండి ఇటలీలోని గ్రాన్ సాస్సో వఱకు, సుమారు 730 కిలోమీటర్ల దూరము, న్యూట్రినోలు కాంతి కంటె 60 నానోసెకండ్లు ముందుగా చేరుచున్నట్లు ఓపెరా బృందము వారి కొలతలలో కనబడెను. కాంతిని మించిన వేగము నిజమైనచో గతమునకు సందేశము పంపవచ్చునని పత్రికలు పరవశించెను. ఆ బృందమువారు మాత్రము తమ లెక్కలను బయటపెట్టి, దోషమున్నచో వెదకుడని తోడి శాస్త్రజ్ఞులను కోరిరి. 2012లో దోషము దొరకెను. ఒక కేబులు సరిగా బిగియలేదు. మరల కొలువగా న్యూట్రినోలు కాంతివేగమును మించలేదు. పత్రికల పరవశము ఎంత పెద్ద అక్షరములతో వచ్చెనో, సవరణము అంత పెద్ద అక్షరములతో రాలేదు. 2019లో మాస్కో భౌతికశాస్త్రజ్ఞులు తమ సహచరులతో కూడి, క్వాంటం కంప్యూటరులో రెండు మూడు క్యూబిట్ల స్థితిని పూర్వస్థితికి మరల్చిరి. అదియు “కాలయంత్రము సిద్ధమైనది” అను శీర్షికతో దేశములు తిరిగెను. విప్పిన ముడిని మరల వేసినవాడు నిన్నటి దినమును తెచ్చినవాడు కాడు గదా!

ఇక మన యింటి సంగతి. కాలయంత్రము మాట వచ్చినపుడు ఎవరో యొకరు భాగవత నవమస్కంధమునందలి రైవతుని కథ చెప్పుదురు. కుశస్థలి నేలు రైవతుడు తన కుమార్తె రేవతికి తగిన వరుని అడుగుటకు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అచట గానము జరుగుచుండగా కొంతతడవు నిలిచెను. పిదప అడుగగా బ్రహ్మ నవ్వి, ఈలోపుగా భూమిమీద 27 మహాయుగములు గడచెననియు, అతడు తలచిన వరులలో నొక్కడును లేడనియు చెప్పెను. మహాయుగమునకు 43,20,000 సంవత్సరముల చొప్పున అవి 11,66,40,000 సంవత్సరములు. దీనిని బట్టి సాపేక్ష సిద్ధాంతము మన పూర్వులకు తెలియునని కొందఱందురు. వేగమెంత, దూరమెంత, ఏ గడియారముతో కొలిచిరి అను ప్రశ్నలకు ఆ కథలో సమాధానము లేదు. ఉండవలసిన పనియు లేదు. మరలివచ్చునప్పటికి తెలిసినవాడు లేడు, తెలిసిన ఊరు లేదు అను వేదన ఆ కథకు ప్రాణము. తాతలనాటి ఊరు ఇంటిపేరులో మాత్రము నిలిచి, ఆ ఊరికి పోయినను పలుకరించువాడు లేని కుటుంబములు మనలో నెన్నియో కలవు. వలసవారికి ఇంత చేరువైన కథను గడియారముల ప్రయోగమునకు ముందుమాటగా కుదించుట పురాణమునకు గౌరవము కాదు. రైవతునకు బ్రహ్మ సహితము వెనుకటి దినములను మరల ఇయ్యలేదు. ఉన్న కాలమున నున్న వరుని చూపెను.

ఇట్టి ప్రతిపాదనలను పరీక్షించు పద్ధతికి ఉదాహరణము బెంగుళూరుననే కలదు. ప్రాచీన మహర్షి రచనగా ప్రచారమునకు వచ్చిన ‘వైమానిక శాస్త్రము’ను అచటి భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఐదుగురు పరిశీలించి 1974లో తమ నిర్ణయమును ప్రకటించిరి. గ్రంథము భాషను, పుట్టుకను, అందలి విమానముల కొలతలను వరుసగా పరీక్షించి, అది 1904కు పూర్వపుది కాజాలదనియు, వర్ణింపబడిన విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. దీని వలన సంస్కృతమునకు గాని, మన పూర్వుల గణితమునకు గాని ఏమియు లోటు రాలేదు. నిజమైన సొమ్ము గలవాడు గిల్టు సొమ్మును పెట్టుకొనడు.

ఈ విచారణ మనకెందుకని అడుగవచ్చును. మన పిల్లలు భౌతికశాస్త్రమును కన్నడమున, తమిళమున, ఒడియాలో, మరాఠీలో, లేదా ఆంగ్లమున చదువుచున్నారు. పెక్కు కుటుంబములలో తెలుగు ఇంటి మాటగా మాత్రము మిగిలినది. కొలతలును, ప్రమాణములును బడి భాషలో విని, వింతలును, గొప్పలును మాత్రమే ఇంటి భాషలో వినిన పిల్లవాడు ఏమనుకొనును? నిజమునకు ఒక భాష, నమ్మశక్యము కానిదానికి తెలుగు అని తనకు తెలియకుండనే విభజించుకొనును. పదునైదేండ్ల వయసున ఇంటి పెద్దలు చెప్పిన కాలయంత్రము కల్ల యని తెలిసిననాడు, ఆ కల్లతో పాటు ఆ పెద్దలు చెప్పిన పద్యమును, ఇతిహాసమును, వంశచరిత్రను కూడ అనుమానించును. తరతరములుగా పరభాషల నడుమ మనము కాపాడుకొన్న భాష ఆ విధముగ విలువను కోల్పోవుట చిన్న నష్టము కాదు.

కావున వార్త వచ్చినపుడు పిల్లలను దగ్గఱకు పిలిచి తెలుగుననే అడుగుదము: ప్రయాణము ముందునకా, వెనుకకా? కొలత యెంత? లెక్కను ఇతరులు పరీక్షించిరా? “అట్లయినచో” అను మాటను ఎవరైనను కత్తిరించిరా? సమాధానము దొరకనిచో తెలియదని చెప్పుదము. రైవతుని కథను కథగా చెప్పుదము, గడియారముల ప్రయోగమును ప్రయోగముగా చెప్పుదము; రెండింటిని తెలుగుననే చెప్పుదము. ఇట్టి సంభాషణము మన ప్రతి యింటను జరుగుగాక.