కరువా, సరిహద్దా? – పాలమూరు సాహిత్య విమర్శ, కృష్ణా జలవివాద పరిశోధన

పాలమూరు రచనలను 'కరువు సాహిత్యం'గా వర్గీకరించడం మన విమర్శలో పరిపాటి. ఈ పేరులో ఒక చిక్కు ఉంది. కరువు అనగానే ప్రకృతి కర్త అవుతుంది. వలస వెనుకనున్న పాలనా నిర్ణయం మరుగున పడుతుంది.

జలవివాద పరిశోధన ఈ అవగాహనను సవరిస్తుంది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2060 టి.ఎం.సి.ల నికరజలాలను లెక్కించి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. జూరాలకు 17.84 టి.ఎం.సి.లు ఇస్తూ, హైదరాబాదు రాష్ట్రం విడిపోకుంటే మహబూబ్‌నగర్ ప్రాంతానికి మెరుగైన నీటివసతి దక్కేదని గుర్తించింది. అనగా 1956 నాటి కొత్త సరిహద్దులకు ఇక్కడి కరువుతో సంబంధం ఉంది.

అయితే ఆ పరిశోధనకూ పరిమితి ఉంది. దాని ప్రమాణం రాష్ట్రం. శ్రీశైలం జలాశయం నుండి ఎత్తిపోతల ద్వారా తప్ప కృష్ణ నీరు చేరని కల్వకుర్తి మెట్ట ఆ పట్టికలలో విడిగా కనిపించదు. నది జిల్లా అంచున పారడం వేరు, పొలానికి అందడం వేరు. ఈ అంతరాన్ని నమోదు చేసినవి పాటలు, కథలు. ఆర్. విద్యాసాగర్ రావు 'నీళ్లు-నిజాలు' వాటాల లెక్కను తెలుగు వచనంలోకి తెచ్చింది. దానిని సమాచార గ్రంథంగానే కాక వచన రచనగానూ పరిశీలించాలి.

వర్షాభావాన్ని కాదనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వలసను విధిగా చదివితే పాఠకునికి మిగిలేది జాలి మాత్రమే; నిర్ణయ ఫలితంగా చదివితే రచనలోని ప్రశ్న వినిపిస్తుంది. కనుక పాలమూరు వలస సాహిత్యాన్ని ట్రిబ్యునల్ తీర్పుతో కలిపి చదవడం అవసరం.