సుభద్ర పద్యముల వెంట నాలుగూళ్లు

సురభివారి నాటకములను గూర్చి మాటాడువారు మొదట చెప్పునది తంత్రములను గూర్చియే. మేఘము మీద దిగివచ్చు నారదుడు, గాలిలో ఢీకొని నిప్పులు రాల్చు బాణములు, స్తంభము చీల్చుకొని వెలువడు నరసింహుడు. ఇవి లేనిచో సురభియే లేదనువారు కలరు. ఇవి యున్నందుననే అది నాటకము కాదు, గారడి యనువారును కలరు. ఉభయ పక్షములవారును చాలవరకు ఒక నాటకమును ఒక ఊరిలో ఒక రాత్రి చూచి తీర్పు చెప్పినవారే. నేను సురభి సమాజములలో ఒకదానివారి 'మాయాబజారు'ను 1984, 85 సంవత్సరములలో నాలుగు ఊళ్లకు వెంబడించి తొమ్మిది మారులు చూచితిని. రసికత మిక్కుటమై చేసిన పని కాదిది. పౌరుషము కొలది చేసినది.

బాల్యమున మా మేనత్తగారి ఊరైన ఆలూరులో ఈ నాటకమునే చూచియుంటిని. అందు నా మనస్సున నిలిచినది ఘటోత్కచుడు కాదు, సుభద్ర. పాండవులు జూదమున సర్వమును కోల్పోయిన పిమ్మట బలరాముడు మాట తప్పి, అభిమన్యునికిత్తునన్న శశిరేఖను దుర్యోధనుని కుమారునకు నిశ్చయించును. అన్నగారి యింట నిలువనొల్లక సుభద్ర కుమారుని వెంటబెట్టుకొని ద్వారక విడిచి పోవును. ఆ వెడలు ఘట్టమున నాలుగు పద్యములు. అవి వినుచు మా మేనత్త కొంగుతో కన్నులు తుడుచుకొనుట నాకు నేటికిని జ్ఞాపకమున్నది.

1984 వేసవిలో ఆ సమాజము మా బళ్లారికి వచ్చి రేకుల పందిరి వేసినది. నేను అప్పటికి గుమాస్తా పనిలో చేరి మూడేండ్లు. బట్టల దుకాణమున పద్దులు వ్రాయు నా మిత్రునితో కలిసి బెంచీ టిక్కెట్టు కొని కూర్చుంటిని. సుభద్ర వచ్చినది. ఒక పద్యము పాడినది. రెండవ దానికై నేను సర్దుకొని కూర్చుండునంతలో తెర మారి అడవి వచ్చినది, బాణములు వెలిగినవి, పందిరి దద్దరిల్లునట్లు ఈలలు వేసిరి. ఆట ముగిసిన పిదప వెనుకకు పోయి హార్మోనియము వాయించు పెద్దమనిషి నడిగితిని: "ఏమన్నా, సుభద్ర పద్యాలు మూడు మింగేస్తిరే?" ఆయన కోపగించుకొనలేదు. "ఈ ఊళ్ళో పద్యమెత్తుకుంటే జనం బీడీలకు లేస్తారు నాయనా. బాణాలకైతే కదలరు. కన్నడ ఊరు గదా!" అని పెట్టె మూసెను.

ధర్మవరం కృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభ నెలకొల్పిన ఊరిది. కోలాచలం శ్రీనివాసరావుగారు నాటకములు వ్రాసిన ఊరిది. బళ్లారి రాఘవగారు పగలు న్యాయవాదిగను రాత్రి నటుడుగను వెలిగిన ఊరిది. 1953 అక్టోబరు 1వ తేదీన జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్లారి మైసూరునకును పోవుటచే మన చెవులు కూడ ఆనాడే మారిపోయినవా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కన్నడ ఊరనుట నాకు నిందగా తోచలేదు. కన్నడ కంపెనీ నాటకములకు రాత్రులు తెల్లవార్లు కూర్చున్న కన్నడిగులు మా వీథిలోనే యుండిరి. పద్యము వినలేకపోవుట వారి లక్షణమును కాదు. మరి పద్యమునకు లేచినవారెవరు? ఈ ప్రశ్నకు జవాబు బళ్లారిలో దొరకదనియు, వేరొక ఊరిలో ఆ నాలుగు పద్యములును నిజముగ పాడుదురో లేదో చూచి రావలెననియు మేమిద్దరమును నిశ్చయించుకొంటిమి.

వారి తరువాతి మకాము గుంతకల్లు. రైల్వేవారి ఊరు. డ్యూటీలు ముగిసి జనము చేరునప్పటికి ఆట ఆలస్యముగ మొదలయ్యెడిది. అచట సుభద్ర రెండు పద్యములు పాడినది. రెండవ పద్యము నడుమ స్టేషనులో ఇంజను సుదీర్ఘముగ కూతవేసెను. వేరొక నటి యైనచో గొంతు పెంచి దానితో పోటీపడెడిది. ఈమె ఆగినది. కూత వచ్చిన దిక్కునకు మెల్లగ తల త్రిప్పి, అది ద్వారకలోని రథఘోషయో యన్నట్లు కొంతసేపు చూచినది. కూత అణగిన పిదప పాదము మొదటినుండి యెత్తుకొన్నది. హార్మోనియము కూడ ఆగి, ఆమెతో తిరిగి కదలినది. ఇట్టివి పుస్తకమున లేవు, అభ్యాసముననూ రావు. మరుసటి శనివారము మేము మరల పోయి చూడగా ఆ ఘట్టమున రైలేదియు కూయలేదు, సుభద్రయు ఆ దిక్కునకు చూడలేదు. ఆ నిజాయితీకి నేను సంతోషించితిని. ఒకనాడు ఫలించిన దానిని మరునాడు యుక్తిగా వాడుకొను నటులే యెక్కువ.

ఆదోనికి బస్సులో ఆలూరు మీదుగా పోతిమి. ప్రత్తి వ్యాపారపు ఊరు. చేతిలో డబ్బు మెదలుకాలము. పందిరి నిండినది. అచట నాలుగు పద్యములును పాడిరి! ఏ పద్యముల కొరకు ఇంత దూరము వచ్చితినో అవి దొరికినవి. దొరికిన పిదప నిజము చెప్పవలసియున్నది: నాకు నచ్చలేదు. మొదటి పద్యము చివర ఆలాపన ఎంత సాగినదనగా మాటలేవో మరచిపోతిమి. "వన్స్ మోర్" అనిరి. ఆమె అభిమన్యుని రంగము నడుమ వదలి మైకు దగ్గరకు వచ్చి నిలిచి మరల పాడినది. పాపము, ఆ కుర్రవాడు విల్లు పట్టుకొని ఎచట చూడవలెనో తెలియక తెర మీది చెట్లను చూచుచుండెను. నాలుగవ పద్యమునకు ఇంటినుండి వెళ్లగొట్టబడిన ఆడుబిడ్డ లేదు, కచేరీ చేయు గాయని యున్నది. పద్యమును తెగ్గోయుట యొక అపచారమైనచో పద్యమును చప్పట్లకు బలి యిచ్చుట రెండవది. రాగాలాపన హెచ్చి అభినయము మరుగగుటను రాఘవగారు ఎందుకు నిరసించిరో నేను ఆదోనిలో తెలిసికొంటిని. బళ్లారిలో ఏడ్చిన నేను ఆదోనిలో ఏడువలేదు, ఆవులించితిని.

చివరిది తాడిపత్రి. రాఘవగారు 1880లో పుట్టిన ఊరది. ఆ రాత్రి వాన. రేకుల మీద చినుకుల మోతకు మొదటి అంకమున సగము మాటలు వినబడలేదు. బెంచీలలో నేలమీద కలిపి అరువదిమంది యుందురేమో. బాణములు తడిసి కాబోలు రెండే వెలిగినవి. అట్టి రాత్రి సుభద్ర మూడు పద్యములను, దాదాపు మాటాడునట్లు, రాగమును మాట వెనుక నడిపించుచు పాడినది. అన్నగారి నిందించునప్పుడు గొంతు హెచ్చలేదు. గడప దాటుటకు ముందు ఒకసారి ఆగి, పుట్టినింటి గోడను చేతితో తాకినది. అది రంగువేసిన గుడ్డ తెర, తాకగానే కదలినది. కదలినను ఎవరును నవ్వలేదు. నేను చూచిన తొమ్మిదింటిలో ఉత్తమమైనది ఇదియే.

కావున నా తీర్పిది. తంత్రములు నాలుగూళ్లలోను ఒక్కటే, తీగెలు అవియే, కప్పీలు అవియే. ఊరిని బట్టి, వానను బట్టి, రైలును బట్టి మారినది సుభద్ర మాత్రమే. సురభివారిని తంత్రములకై మెచ్చుకొనుటయు, తంత్రములకై నిందించుటయు ఒకే పొరపాటు.

తాడిపత్రిలో ఆట ముగిసినప్పుడు ఆమెను అభినందింపవలెనని తెరవెనుకకు పోతిమి. కిరీటము తీసి ప్రక్కన పెట్టి, ముఖపు రంగు చెరపకయే ఒక పసివానికి అన్నము కలిపి పెట్టుచుండెను. వాడు మారాము చేయగా ఆమె గద్దించినది. ఆ మాటలు తెలుగు కావు! మరాఠీ. నేను నిలువునా ఆశ్చర్యపడితిని. మహారాష్ట్రమునుండి వచ్చి తోలుబొమ్మలాడించి జీవించిన కుటుంబములవారు వీరు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారి ఆధ్వర్యమున 'కీచకవధ' నాటకముతో మొదలిడిరనియు, తొలి తరములనుండియే వీరి స్త్రీలు స్త్రీ పాత్రలు ధరించిరనియు నేను చదివియుంటిని. ఇంటి మాట నేటికిని మరాఠీ యని చదివియుండలేదు. అరగంట ముందు శకటరేఫమునకును సాధురేఫమునకును భేదము వినిపించునట్లు పద్యము చెప్పిన నోరది. ఇంట తెలుగు మాటాడి కచేరీలో కన్నడమున దస్త్రములు వ్రాయువాడను నేను. ఇంట మరాఠీ మాటాడి రంగమున తెలుగు పలుకునది ఆమె. "ఎక్కడినుంచి వచ్చినారన్నా?" అని ఆమె అడిగినది. బళ్లారి యని చెప్పితిమి. "అమ్మో, అంత దూరం నుంచా, వానలో!" అని పిల్లవాని చేయి తుడిచి, మాకు పీటలు వేయించినది.

హార్మోనియము పెద్దాయన నన్ను గుర్తుపట్టెను. మరల మా ఊరికి వచ్చినచో పద్యములన్నియు పాడించవలెనని కోరితిని. "పాడిస్తాంలే నాయనా. నువ్వు ముందు బెంచీలో కూర్చో, లేవొద్దు. నీ పక్కవాళ్లను లేవనియ్యొద్దు," అనెను. ఇది న్యాయమైన షరతే. బళ్లారిలో బీడీలకు లేచినవారిలో మా సంఘమువారు ఎందరో ఉండిరి. నా మిత్రుడును ఆనాడు లేచినవాడే. తిరుగు బస్సులో అతడే ఈ మాట ఒప్పుకొనెను.

ఆ సమాజము మరల మా ఊరికి రాలేదు. రేకుల పందిళ్లకు కాలము తీరినది. కన్నడ రంగస్థలమున పేరుగాంచిన బి.వి. కారంత్‌గారు సురభివారిచే కొత్త నాటకములాడించిరి. అడిగినచో ఆయనదియు కన్నడ ఊరే. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ వచ్చినది. ఆయన 2022లో గతించిరి.

పదవీ విరమణానంతరము ఒకసారి మా అమ్మాయి యింటికి హైదరాబాదు పోయినపుడు సురభివారి 'మాయాబజారు' ప్రదర్శనమున్నదని తెలిసి మనుమరాలిని తీసికొని పోతిని. పక్కా హాలు, కుర్చీలు, హార్మోనియము స్థానమున కీబోర్డు. తంత్రములు మునుపటికంటె చక్కగ సాగినవి. నేను ముందు వరుసలో కూర్చుంటిని. సుభద్ర వచ్చినది, ఒక పద్యము పాడినది, తెర మారి అడవి వచ్చినది, బాణములు వెలిగినవి. మనుమరాలు చప్పట్లు కొట్టినది. హైదరాబాదును కన్నడ ఊరని ఎవరును అనలేదు.