పెట్టెకు పెడన చొక్కా

గుడ్డ తొడిగిన పెట్టెను చేతికిస్తే మామూలు మనిషి మూత మీది పువ్వు చూస్తాడు. పని తెలిసినవాడు పెట్టెను తిప్పి మూల చూస్తాడు. అక్కడ గుడ్డ ముడతపడిందా, మూత మీద మొదలైన తీగ పక్క పలక మీదికి తెగకుండా దిగిందా, జిగురు బయటికి పొంగి మరక కట్టిందా అన్నది ఆ ఒక్క అంగుళంలో తెలిసిపోతుంది.

పెడనలో కలంకారీ అద్దకం పనితనం కూడా అంగుళాల దగ్గరే తేలుతుంది. మచిలీపట్నానికి, అంటే బందరుకు, పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, గుడివాడ వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరిది. అరచేయంత చెక్క అచ్చుతో గజాల కొద్దీ గుడ్డ నింపుతారు. అచ్చు వందలసార్లు పడాలి, ఒకటి ఎక్కడ ఆగిందో పక్కది ఎక్కడ మొదలైందో కంటికి ఆనకూడదు. అతుకును దాచడమే ఈ విద్యకు ఆయువుపట్టు. అందుకే కళ్ళజోడు పెట్టెకో, నగల పెట్టెకో, అట్ట ఫైలుకో ఇంట్లో ఈ గుడ్డ తొడగాలనుకునేవాళ్ళు ముందు అది ఎలా తయారైందో తెలుసుకుంటే కత్తెర ఎక్కడ పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

బందరు గుడ్డ ఎక్కిన మంచం

చెక్కసామానుకు బందరు గుడ్డ తొడగడం కొత్త ముచ్చటేమీ కాదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల రేవుగా మచిలీపట్నం వెలిగింది. డచ్చివాళ్ళు 1606 నాటికే అక్కడ కొఠీ పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. పర్షియాకు వెళ్ళే అద్దకం బట్టలు ఈ రేవు నుంచే ఓడలెక్కేవి. కొనేవాళ్ళ అభిరుచిని బట్టి ఇక్కడి నమూనా రూపుదిద్దుకుంది. శ్రీకాళహస్తిలో కలం పట్టి రామాయణ, భారత ఘట్టాలు గీస్తే, బందరు వైపు పూలతీగలు, మామిడిపిందెలు, నెమళ్ళు, జీవవృక్షం నిలబడ్డాయి.

ఐరోపాలో ఈ బట్టలకు ఎంత గిరాకీ అంటే, అక్కడి నేతగాళ్ళు గోల పెట్టి చట్టాలు తెచ్చుకున్నంత. 1700లో ఇంగ్లండు పార్లమెంటు భారతదేశపు అద్దకం బట్టల వాడకాన్ని నిషేధించింది. 1721 చట్టం ఇంటి సామానుకు తొడిగే గుడ్డను కూడా వదల్లేదు. ఆ కట్టుబాటు దెబ్బ తగిలినవాళ్ళలో లండన్ రంగస్థల నటుడు డేవిడ్ గారిక్ దంపతులున్నారు. కలకత్తా వర్తకులు మచిలీపట్నం అద్దకం బట్టను వాళ్ళకు కానుకగా పంపితే, 1775లో కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. ఆ గుడ్డ వేలాడిన గారిక్ పందిరిమంచం ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

తర్వాత మాంచెస్టరు యంత్రాల అద్దకం వచ్చింది. 1864 నవంబరు ఉప్పెన బందరును ముంచి దాదాపు 30 వేల ప్రాణాలు తీసింది. రేవు వెలుగు తగ్గినా అద్దకం మాత్రం పెడన చుట్టూ నిలిచింది. నేడు మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది.

కరక్కాయ, కసిం, పటిక

మగ్గం మీద నుంచి దిగిన కోరాగుడ్డకు గంజి, జిడ్డు ఉంటాయి. వాటిని నానబెట్టి, ఉతికి వదలగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. ఇక్కడి నుంచి జరిగేదంతా ఆ కరక్కాయ వగరు పుణ్యమే.

నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. అలా వచ్చిన కసింలో జిగురు కలిపి చిక్కబరిచి అచ్చుతో అద్దితే, ఇనుమూ కరక్కాయ వగరూ కలిసి గుడ్డ పోగులోనే నల్లగా మారతాయి. ఎరుపు దారి వేరు. ఎర్రగా రావలసిన చోట ముందు పటిక అద్దుతారు. పటికకు సొంత రంగు లేదు కాబట్టి ఆ దశలో గుడ్డ మీద ఎరుపు జాడే ఉండదు.

ఆ గుడ్డను పారే నీళ్ళలో జాడించి, అదనంగా ఉన్న పటికను వదలగొడతారు. నిలవ నీళ్ళయితే వదిలిన పటిక పక్కకు అంటుకుని మరకవుతుంది. పెడనకు కృష్ణ కాలవల నీళ్ళు అక్కరకొచ్చేది ఇక్కడే. తర్వాత రాగి పాత్రలో రంగునీళ్ళు కాచి, అందులో గుడ్డను ఉడికిస్తారు. ఒకప్పుడు చిరివేరు వాడేవాళ్ళు. కృష్ణ అవతలి నిజాంపట్నం చిరివేరుకు పదిహేడో శతాబ్దంలోనే పేరుండేది. సురుడు చెక్క, మంజిష్ఠ కూడా ఈ ఎరుపు ఇచ్చేవే, ఈ కాలంలో అలిజరిన్ కూడా వేస్తున్నారు. ఉడికే కొద్దీ పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. మిగతా చోట అంటిన మసక పోవడానికి గుడ్డను గడ్డి మీద పరిచి, నీళ్ళు చల్లుతూ ఎండలో ఉంచుతారు. పసుపుకు దానిమ్మ తొక్క వంటివి, నీలానికి నీలిమందు. నీలం మీద పసుపు పడితే పచ్చ.

ఈ లెక్కన పెడన గుడ్డలో రంగు అంటే పోగులో జరిగిన రసాయన చర్య. తొడుగు పనికి ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. నిమ్మరసం లాంటి పులుపు తగిలితే ఇనుప నలుపు విరిగిపోతుంది. అదే ఇనుము పెట్టె బందుల్లో తుప్పై, తడి తగిలినప్పుడు గుడ్డలోకి దిగితే, కరక్కాయ వగరు మిగిలిన చోట అడగని నల్లచుక్క పడుతుంది. అద్దకం బల్ల మీద కసిం చేసే పనినే బీరువాలో తుప్పు చేస్తుంది. ఇత్తడి బందులు, తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఉన్న పెట్టె ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

అచ్చు పక్కన అచ్చు

అచ్చులు టేకువి. కాగితం మీది నమూనాను నునుపు చేసిన చెక్క మీదికి దింపి, సన్నటి ఉలులతో చెక్కుతారు. గీతలకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. నాలుగు రంగుల పువ్వుకు నాలుగు అచ్చులు ఒకే చోట, వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. చెక్కేవాడు తీగ కుడి కొసను, ఎడమ మొదలును ఒకదానికొకటి సరిపోయేలా ముందే లెక్క కట్టి చెక్కుతాడు. అద్దేవాడు రంగులో తడిసిన మెత్త మీద అచ్చును ఆనించి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. అచ్చు ఎత్తి పక్కన పెట్టేటప్పుడు అతని చూపు పువ్వు మీద ఉండదు. ముందటి అచ్చు వదిలిన కొస మీద ఉంటుంది.

అంచు మూల తిరిగే చోట మరో యుక్తి ఉంది. మూల మీద ఐమూలగా కాగితం అడ్డుపెట్టి ఒక వైపు అద్దుతారు, తర్వాత కాగితాన్ని ఇవతలికి మార్చి రెండో వైపు అద్దుతారు. రెండు తీగలు ఏటవాలు గీత దగ్గర కలుస్తాయి.

స్క్రీన్ ప్రింటింగ్ వచ్చాక ఇదే నమూనాను చట్రం మీద జాలీ బిగించి ఒక్క లాగుతో దింపేస్తున్నారు. పని వేగం, ధర తక్కువ. చాలా దుకాణాల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. తేడా తెలియాలంటే గుడ్డను తిరగేయాలి. సహజరంగుల అద్దకంలో రంగు వెనక్కి దిగి ఉంటుంది, అచ్చు కలిసిన చోట పరీక్షగా చూస్తే సన్నటి ఎడమో, కాస్త ముదురు చుక్కో దొరుకుతుంది. పిగ్మెంటుతో స్క్రీన్ వేసిన గుడ్డలో రంగు పైపొరగా నిలుస్తుంది, వేలికి బిరుసుగా తగులుతుంది. పెట్టె మీద మడత పెట్టి నొక్కినప్పుడు ఆ పొర గీత పడి తెల్లబడవచ్చు. అచ్చు గుడ్డకు ఈ ఇబ్బంది లేదు.

పెట్టె మీదికి

తొడిగే గుడ్డను బట్టి తొడుగు పని మారుతుంది. అమెరికాలో సొంత పిస్తోలు ఉన్నవాళ్ళు కొందరు దాని గట్టి ప్లాస్టిక్ ఒరకు మిలటరీ మచ్చల గుడ్డను ఇంట్లోనే తొడుగుతారు. ఆ గుడ్డతో ఒక సుఖం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం 1915లో చిత్రకారులను కూర్చి ఒక దళం పెట్టినప్పటి నుంచి, మన సైన్యం 2022 జనవరి 15న చూపించిన నిఫ్ట్ వారి కొత్త నమూనా దాకా, మచ్చల గుడ్డ పనల్లా ఆకారం అంచును చెరిపేయడం. ఎటు తిప్పి కత్తిరించినా, ఎక్కడ అతికినా తప్పు పట్టేవాడుండడు. కలంకారీ దీనికి పూర్తిగా ఎదురు. నల్లగీత పువ్వు అంచును ఎత్తి చూపిస్తుంది. తీగ కాస్త వంకర పోయినా పెట్టే వంకరగా కనిపిస్తుంది.

కాబట్టి మొదటి నిర్ణయం నమూనాది. బల్లపరుపు పలకలున్న నగల పెట్టెకు, ఫైలుకు అంచు గుడ్డ, పెద్ద తీగ బాగుంటాయి. కళ్ళజోడు పెట్టె లాగా నాలుగు వైపులా ఉబ్బిన వాటికి గుడ్డ సాగాలి. సాగాలంటే దర్జీలు చేసినట్టు క్రాసుగా కత్తిరించాలి. క్రాసుగా కత్తిరిస్తే తీగ పడిపోయినట్టుంటుంది, విడివిడి చిన్న బుటా ఎటు తిరిగినా బుటాయే.

గుడ్డను ముందు మామూలు నీళ్ళలో ఉతికి, నీడన ఆరేసి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేయాలి. ఉతక్కుండా అంటిస్తే జిగురు తడికే కుదించుకుపోయి అంచులు చాలవు. కొలతకు చుట్టూ ముప్పావు అంగుళం కలిపి కత్తిరించుకోవాలి. మూతకూ అడుగుకూ ఒకే ముక్క వాడితే వెనక పలక మీద తీగ తెగదు.

చెక్కకు, అట్టకు పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళ మైదా జిగురు చాలు. పురుగు పట్టకుండా వాళ్ళు మైలుతుత్తం కలుపుతారు కానీ, అది విషం. పైగా అందులోని రాగి సహజరంగుల ఛాయను మారుస్తుంది. దానికి బదులు ఫెవికాల్‌ను పలచగా వాడుకోవచ్చు. ప్లాస్టిక్కుకు ఇవేవీ పట్టవు. ఉప్పుకాగితంతో పైమెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, చెప్పులు అతికే రబ్బరు సొల్యూషన్‌ను పెట్టెకూ గుడ్డ వెనకకూ పలచగా పూయాలి. వేలికి అంటనంతగా ఆరాక కలపాలి, ఒకసారి అంటుకుంటే సర్దడానికి వీలుండదు. దాని ఆవిరి పీలిస్తే హాని, మంట తగిలితే అంటుకుంటుంది కాబట్టి కిటికీ తెరుచుకుని, పొయ్యికి దూరంగా చేయాల్సిన పని.

అంటించడం మూత నడుమ నుంచి మొదలుపెట్టి, చెంచా వీపుతో బయటికి నొక్కుకుంటూ పోవాలి. గాలి అంచుల వైపు వెళ్ళిపోతుంది. ఉబ్బిన వంపు దగ్గర మడత లోపలికి తిప్పేముందు గుడ్డ అంచున వీ ఆకారపు గాట్లు పెడితే ముడత మీద ముడత పేరుకోదు. పలక పెట్టె మూలలో అదనపు గుడ్డను ఐమూలగా కత్తిరించి రెండు అంచులు ఏటవాలుగా కలపాలి. అద్దకం బల్ల దగ్గర కాగితం అడ్డుపెట్టి చేసిన పని ఇక్కడ కత్తెరతో జరుగుతుంది.

చాలామంది పని చెడేది బందుల దగ్గర. బయటి గుడ్డను మూత మూసి అంటించాలి, ఎందుకంటే మూసినప్పుడే వెనక పలక పూర్తి పొడవు ఉంటుంది. తెరిచి అంటిస్తే, మూయగానే గుడ్డ బిగిసి చిరుగుతుంది. లోపలి అస్తరుకు లెక్క తిరగబడుతుంది, దాన్ని మూత తెరిచే అంటించాలి. బందుకు అటూ ఇటూ పావు అంగుళం మేర జిగురు పూయకుండా వదిలితే మూత సాఫీగా ఆడుతుంది.

కలంకారీ గుడ్డతో చేసిన ఫైళ్ళు, సంచులు, డైరీలు లేపాక్షి దుకాణాల్లోనూ దొరుకుతాయి. ఇంట్లో చేసుకునేవాళ్ళు కాస్త ఎక్కువ గుడ్డే కొనడం మేలు. ఎండ తీక్షణత, కాలవ నీరు, వేరులోని రంగు బలం మారే కొద్దీ ఛాయ మారుతుంది కనుక, అదే అచ్చు మళ్ళీ అడిగినా రెండో తాను మొదటి దానికి అచ్చంగా కలవదు. చేయి తగిలి తగిలి అరిగిన చోట మాటు వేయాలంటే పాత తానులో మిగిల్చుకున్న ముక్క ఉండాలి. దాన్ని కాగితంలో చుట్టి పెట్టె అడుగునే దాచుకోవచ్చు.