టకటక ఆపే చెయ్యి

సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి. కాస్త పక్కన రైసుమిల్లుల మిర్యాలగూడ. ఈ ఊళ్లలో పొద్దున్నే బైకు చల్లటి ఇంజన్ టకటకమంటే మెకానిక్ ముందు చెవి పెడతాడు. ట్యాపెట్ కాదు, టైమింగ్ చైన్ వదులైందని తేల్చడమే సగం విద్య.

మిగతా సగం ఇంటి వాకిట్లోనూ చేయొచ్చు. చాలా 150 సీసీ బళ్లకు ఆ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ సిలిండర్ వెనక రెండు బోల్టులతో ఉంటుంది. ముందు మాగ్నెట్ మీది 'టి' గుర్తు కలపాలి. టెన్షనర్ నడిమి బోల్టు విప్పి, లోపలి స్క్రూను సన్నటి స్క్రూడ్రైవరుతో తిప్పితే కడ్డీ ముడుచుకుంటుంది. అలాగే టెన్షనర్‌ను బయటికి తీసి, కొత్త గాస్కెట్‌తో మళ్లీ బిగించి స్క్రూను వదిలితే స్ప్రింగు చిర్రుమంటూ తనే చైన్‌ను బిగిస్తుంది. చూడముచ్చటైన పని!

స్ప్లెండర్‌ది వేరే దారి: స్ప్రింగు, పుష్‌రాడ్ ఇంజన్ కిందినుంచి వస్తాయి, కాస్త ఆయిలూ కారుతుంది.

టెన్షనర్ బయట ఉండగా మాత్రం కిక్ కొట్టకండి. చైన్ ఒక్క పన్ను జారినా టైమింగ్ తప్పుతుంది. మరీ జారితే వాల్వు పిస్టన్‌కు తగిలి వంగుతుంది.