మార్జిన్‌లో తెలుగు

మొన్న భోగికి కోరుకొండలో మా ఇంటి అటక దులుపుతుంటే, బీజింగ్‌లో చైనీస్ నేర్చుకున్న ఏడాది నేను నింపిన నోటుపుస్తకాలు బయటపడ్డాయి. అన్నీ గళ్ల కాగితాలు. గడికో అక్షరం, ఒక్కో అక్షరం ముప్ఫైసార్లు. మొదటి నెల పేజీల మార్జిన్లో అర్థాలన్నీ ఇంగ్లీషులో రాసుకున్నాను. రెండో నెల నుంచి తెలుగులో.

హైదియన్ బీజింగ్‌లో చదువుల పేట. విదేశీయులకు చైనీస్ నేర్పడానికని 1962లో పెట్టిన భాషా సంస్కృతి విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కల ఏ పుస్తకాల షాపుకెళ్లినా నా చేతికొచ్చిన వాచకాలన్నీ ఇంగ్లీషు అర్థాలవే. దాంతో ఇంగ్లీషు మీదుగానే మొదలుపెట్టాను.

ముందు తేడా కొట్టింది ఉచ్చారణ. చైనీస్ పలుకును రోమన్ లిపిలో రాసే పిన్‌యిన్ పద్ధతి 1958 నుంచి ఉంది. అందులో బి అని ఉన్నచోట పలకాల్సింది మన ప. పి అని ఉన్నచోట ఊపిరి వదిలి పలికే ఫ, ఫలంలో ఫని శ్రద్ధగా ఒత్తి పలికితే వచ్చేది. డి అంటే త, టి అంటే థ. జి అంటే క, కె అంటే ఖ. క్లాసులో మిగతావాళ్లు దీంతో వారాల తరబడి కుస్తీ పట్టారు. నాకు పెద్దబాలశిక్షలో క పక్కన ఖ కనిపించింది, అంతే. జెడ్ అని రాసేది మరీ దగ్గరిది. చాప, చలి అన్నప్పుడు మన నోట్లో పలికే చ అది. పాత నిఘంటువుల్లో దాని నెత్తిన రెండంకె వేసి ౘ అని రాసేవారు. పొద్దుటి పలకరింపు కూడా దానితోనే మొదలవుతుంది: ౘావ్. ఫోన్లో అది విన్న అమ్మ "పొద్దున్నే ఆ మాటేంటే, తప్పు!" అని కేకలేసింది.

స్వరాల దగ్గర మాత్రం తెలుగు నాకు ఏ సాయమూ చెయ్యలేదు. మాయ్ అన్న మాటని గొంతు దించి లేపితే కొనడం, ఒక్క ఊపున దించేస్తే అమ్మడం. కూరగాయల బజారులో చెవి ఒప్పజెప్పి నిలబడటం తప్ప దానికి దగ్గరి దారి లేదు.

మార్జిన్ మారింది అన్నం పాఠం రోజున. చేలో ఉన్నది తావ్, దంచాక మీ, వండాక ఫాన్. పుస్తకంలో మూడింటికీ ఇంగ్లీషు మాట ఒక్కటే, రైస్. పక్కన మూడు వివరణలు. నేను వాటిని కొట్టేసి వరి, బియ్యం, అన్నం అని రాసుకున్నాను. ఎంత హాయనిపించిందో! పొలం అన్న అక్షరం చూడబోతే నాలుగు మడులు, మధ్యన గట్లు. మా కోరుకొండ నరసింహస్వామి కొండ మెట్లెక్కి కిందికి చూసిన ఎవరికైనా దాన్ని వేరే నేర్పక్కర్లేదు.

చుట్టరికాలూ అంతే. పెదనాన్న, బాబాయి, మేనమామ, అక్కడ కూడా ముగ్గురికీ మూడు పిలుపులు. ఇంగ్లీషు ముగ్గుర్నీ అంకుల్‌గా కలిపేస్తుంది. అయితే మనం అమ్మ చెల్లెల్నీ బాబాయి భార్యనీ పిన్ని అనే అంటాం. వాళ్లు విడదీస్తారు. ఆ ఒక్కచోట నా మార్జిన్లో రెండు గీతలు పడ్డాయి.

ఏడో శతాబ్దంలో చైనా బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఎదురుదారిన మన వేంగికి వచ్చాడు. 646లో ముగిసిన తన యాత్రాగ్రంథంలో, ఆంధ్రదేశపు మాట మధ్యభారతపు మాట కంటే వేరనీ, రాత మాత్రం చాలావరకు అలాంటిదేననీ రాసుకున్నాడు. ఏలూరు పక్కన, ఒకప్పటి ఆ వేంగి, ఇప్పటి పెదవేగి మీదుగా బస్సులో పోతున్నప్పుడల్లా నాకా సంగతి గుర్తొస్తుంది. అంత దూరం నుంచి వచ్చినవాడు మన మాటని చెవిపెట్టి విన్నాడు. మనమూ వాళ్ల మాటని మన మాటలోంచే వినొచ్చు. అందుకే చైనీస్ నేర్చుకునే తెలుగు పిల్లల చేతిలో తెలుగు అర్థాలతో ఒక మంచి వాచకం ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

బీజింగ్ థ్యెన్‌థాన్ పార్కులో పొద్దున్నే పెద్దవాళ్లు చీపురుకట్టంత కుంచెని నీళ్లలో ముంచి రాతిపలకల మీద అక్షరాలు రాస్తుంటారు. రాసింది రాసినట్టే ఆరిపోతుంది. వాళ్లలో ఒకాయన్ని నేను తాయే అని పిలిచేదాన్ని. బీజింగ్‌లో ఆ మాటకి పెదనాన్న అని అర్థం, ఏ పెద్దాయననైనా అలాగే పిలుస్తారు. ఒకరోజు కుంచె నా చేతికిచ్చి "కూనియాంగ్ (అమ్మాయీ), మీ లిపి రాయమ్మా" అన్నాడు. కోరుకొండ అని రాశాను. ఆయన ఒంగి చూశాడు. "ముందు ఏ గీత?" అని అడిగాడు. డ మళ్లీ నెమ్మదిగా రాసి చూపించాను, కింది గుండ్రం ముందు, తలకట్టు తర్వాత. ఆయన ఒప్పుకోలేదు. వాళ్ల రాతలో మామూలుగా పైది ముందు, కిందిది తర్వాత. కుంచె తీసుకుని ముందు తలకట్టు పెట్టి, దాని కింద డ చుట్టాడు. చక్కగా కుదిరింది. ఈలోపు నా కో ఆరిపోయింది.