చూసింది, తెలిసింది

“మాయాబజార్‌లో వివాహ భోజనం సీను.” పాత సినిమా స్టిల్స్‌కి వివరణ రాయమంటే ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్లు ముందు రాసేది ఇదే. తెలుగువాళ్లకి ఆ ముక్క చాలు, ఎస్వీ రంగారావు, తమంతట తామే నోట్లోకొచ్చే లడ్లు కళ్లముందు ఆడతాయి. చాట్ అసిస్టెంట్‌కీ ఆ ముక్క చాలు. చిక్కంతా అక్కడే ఉంది. 1957 నాటి ఆ సినిమా గురించి అది బోలెడు చదివి ఉంటుంది. స్టిల్‌లో లడ్లు ఇంకా పళ్లెంలోనే ఉన్నా, గాల్లో ఎగురుతున్నాయని ధీమాగా చెప్పేస్తుంది.

బొమ్మ చూపిస్తే చదువుకునే అసిస్టెంట్లు ఇప్పుడున్నాయి, నిజమే. వేల స్టిల్స్‌లో వెతకమన్నప్పుడు మాత్రం చాలాసార్లు వాటికి దిక్కు మనం రాసిన నాలుగు వాక్యాలే.

అందుకే ముందు కంటికి కనబడింది రాయమంటాను. నలుపు తెలుపు స్టిల్, మధ్యలో భారీ మనిషి, పెద్ద మీసాలు, నోరు తెరిచి ఉంది, ముందు నిండు పళ్లేలు. సినిమా పేరు, నటుడు, కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ, ఇవన్నీ మనకి తెలిసినవి. వాటికి వేరే పేరా. 2010లో రంగులద్దిన ప్రింటు నుంచి తీసిన స్టిల్ అయితే ఆ సంగతి రాసి తీరాలి. లేకపోతే ఆ రంగులన్నీ 1957లోనే ఉన్నాయని అసిస్టెంట్ ఎవరికో పాఠం చెబుతుంది.

“అద్భుతమైన”, “అలనాటి” లాంటివి కొట్టేస్తాను. (రాసినవాళ్లు నొచ్చుకుంటారు. కవిత్వం రాసే అలవాటున్నవాళ్లు మరీను.)

బొమ్మకి బదులు మాట పెట్టే ఏర్పాటు వెబ్‌పేజీలు రాసే భాషలో, 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉంది. స్క్రీన్ రీడర్ వాడే అంధులకి ఆ మాటలే ఆధారం. వాళ్లకి అనుమానమొస్తే “అంటే ఏమిటి?” అని నిలదీస్తారు. అసిస్టెంట్ అంతగా అడగదు, ఖాళీ కనబడితే తనే పూడ్చేస్తుంది. కాబట్టి లేనిదీ రాయాలి: వెనకున్న మనిషి ముఖం కనబడదు, బోర్డు మీద చివరి అక్షరాలు చెరిగిపోయాయి, మిగిలినవి ఇవీ.

పాత రికార్డింగుల దగ్గర తంటా ఇంకా ఎక్కువ. గొంతు వినగానే “ఇది ఫలానావిడే!” అనేస్తారు. ఎలా తెలుసంటాను. కవరు మీద పేరుంటే, కవరు మీద ఇలా ఉందని రాయాలి. చెవితో పోల్చుకుంటే, పోల్చుకున్నది ఎవరో రాయాలి. రేపెవరైనా కాదంటే, వెళ్లి అడగడానికి ఒక మనిషంటూ ఉంటారు.